పదకొండో పేజీలోని బాణం

ఆ బొమ్మల పుస్తకం గీసింది ఎవరో, దాని మీద సమీక్ష రాసేటప్పటికే నాకు తెలుసు. ఈ ఒక్క వాక్యం నేను ఇన్నేళ్లూ ఎక్కడా చెప్పలేదు. విచారణ అధికారి ముందు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, ఉద్యోగం వదిలేసిన రోజు దండ వేసి పొగుడుతుంటే అప్పుడూ చెప్పలేదు. పైగా నలుగురు కూర్చున్న చోట నేనే ఎత్తుకునేవాణ్ణి, నేను మెచ్చుకుంటే ఒకాయన నౌకరి ఊడింది, నా కలం అంత మంచిది అని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మొన్న మన తెలుగు సంఘం పిల్లలు వచ్చి, ఆ పాత సమీక్షను తెలుగు చేసి ఈ ఏటి సంచికలో వేస్తామన్నారు. చంద్రపూర్‌లో ఒక కామిక్ మీద అచ్చయిన మొదటి సమీక్ష అదేనట. వద్దని, బదులుగా ఇది రాసిస్తానన్నాను. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంత చదవడం రాదు. కష్టమైన మాటలు వాడను. అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకోండి, పరవాలేదు.

నేను ఒక బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాగా చేరాను. గని పేరు చెప్పను. మా నాయన మంచిర్యాల వైపు నుంచి సరిహద్దు దాటి మహారాష్ట్రకు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నన్ను మాత్రం పదో తరగతి దాకా మేనత్త ఇంట్లో ఉంచి తెలుగులో చదివించాడు. ఆఫీసులో నా పని సెలవు అర్జీలు చూడటం, ఉత్తరాలు టైపు చేయటం, చార్జిషీట్లు తయారు చేయటం. వీటితో పాటు మా మేనేజరుగారి ఉపన్యాసాలు హిందీలో రాసిచ్చేవాణ్ణి. భద్రతా వారోత్సవమైనా, ఎవరైనా పెద్దమనిషి వచ్చినా, ఆయన జేబులో నా కాగితమే ఉండేది. చప్పట్లు ఆయనకు పడేవి. నేను వెనక వరుసలో నిలబడి లెక్కపెట్టుకునేవాణ్ణి.

రాసే దురద ఉన్నవాణ్ణి కాబట్టి నగరంలోని ఒక హిందీ వారపత్రికకు పుస్తక సమీక్షలు కూడా పంపేవాణ్ణి. కంపెనీ నియమాల ప్రకారం ఉద్యోగి బయట ఏదైనా అచ్చు వేయించుకోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి నాకు ఉంది. ఉత్తరం నేనే టైపు చేసుకుని, ఉపన్యాసం కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించుకున్నాను.

అతను సర్వే ఆఫీసులో ట్రేసరు. భూమి లోపల ఎక్కడెక్కడ బొగ్గు తీశారో చూపించే పటాలను పలచటి గుడ్డ మీద సిరాతో ఎత్తి గీసే పని. నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్ల నాయన గనిలో కప్పు కూలి చనిపోతే, ఆయన బదులుగా ఇచ్చిన ఉద్యోగం అది. తల్లి, భార్య, పాలు మరవని బిడ్డ, అందరూ ఆ జీతం మీదే. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, తమ్మీ అనేవాడు. మధ్యాహ్నం అతని బల్ల దగ్గరే తినేవాళ్లం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చుకునేవాడు. తిన్నాక సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కుని, ఆరేదాకా పటాన్ని ముట్టేవాడు కాదు.

ట్రేసర్లకు తమ సొంతం అంటూ ఏమీ ఉండదు. గీత మందం, అక్షరం ఎత్తు, రంగు, అన్నిటికీ కొలతలున్నాయి. ఒక్క ఉత్తర దిక్కు చూపించే బాణం విషయంలోనే ఎవరూ అడిగేవాళ్లు కాదు. అందుకని ఒక్కో ట్రేసరుకు ఒక్కో బాణం ఉండేది. ఒకాయన శూలంలా గీస్తే, ఇంకొకాయన పడవ తెడ్డులా గీసేవాడు. ఇతని బాణానికి తల సగం నలుపు, సగం తెలుపు. తోక దగ్గర ఏటవాలుగా మూడు గీతలు. సర్వే ఆఫీసులో మూలన సంతకం చూడకుండానే ఏ పటం ఎవరిదో బాణాన్ని బట్టి చెప్పేసేవారు.

అవి దేశంలో బజారు ప్రైవేటువాళ్లకు తెరుచుకుంటోందని పేపర్లన్నీ రాస్తున్న రోజులు. గనులు అమ్మేస్తారని ఒకరు, ఠేకేదారుల చేతికి, అంటే కాంట్రాక్టర్ల చేతికి, ఇస్తారని ఒకరు చెప్పుకునేవారు. ఊర్జానగర్ కాలనీలో మేడ మీంచి మేడ మీదికి కేబుల్ తీగలు పాకుతున్నాయి. ఆ కాలంలో బస్టాండు పుస్తకాల దుకాణంలో ఒక హిందీ కామిక్ కనిపించటం మొదలైంది. పదహారు పేజీలు, నలుపూ ఎరుపూ రెండే రంగులు, చవక కాగితం. కథానాయకుడు బత్తీవాలా, అంటే దీపంవాడు. పగలు మామూలు గని కార్మికుడు. టోపీ మీది దీపం వెలిగిస్తే మాత్రం, ఆ వెలుగు ఎవరి మీద పడితే వాళ్ల నీడ వాళ్లు నిజంగా చేసే పనిని గోడ మీద చూపిస్తుంది. నమస్కారం పెడుతున్న మనిషి నీడ ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టి ఉంటుంది. అంతే అతని శక్తి. ఎగరడు, కొట్టడు. మూడు నాలుగు నెలలకొకసారి ఒక సంచిక వచ్చేది. మొదటిదాంట్లో రేషన్ దుకాణం, రెండోదాంట్లో ఠేకేదారు, తర్వాత ఎన్నికలు. గనుల్లో చేతులు మారి మారి నలిగిపోయేది. గీసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

మూడో సంచిక వచ్చినప్పుడు, గీసేది మా ట్రేసరు అన్నేనని నాకు అర్థమైంది. అందులో లాంతరు పట్టుకున్న ముసలాయన వేళ్లు, మా సర్వే ఆఫీసు ప్యూను వేళ్లు. భోజనాల దగ్గర మెల్లగా అడిగాను. అతను రొట్టె తుంచటం ఆపలేదు.

"తెలిసిందా? తెలిస్తే తెల్సింది గానీ, నోట్లనే వెట్టుకో తమ్మీ. పర్మిషన్ లేదు నాకు. అడిగితే ఇయ్యరు. మా అమ్మకు గూడ ఎర్కలేదు."

ఒట్టు పెట్టమనలేదు. నేనూ పెట్టలేదు. ఆ రోజు నాకు గర్వంగా ఉండింది. ఊరంతా వెతుకుతున్న మనిషి పక్కన కూర్చుని నేను ఎల్లిపాయ కారం తింటున్నాను.

ఆ గర్వంతోనే చెడిపోయాను. నాలుగో సంచికకు ఒక కథ రాసి ఇచ్చాను. ఇరవై కాగితాలు. బత్తీవాలా గని ముందు నిలబడి దేశం గురించి, శ్రమ గురించి మాట్లాడతాడు. వారం తర్వాత కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. మడత కూడా నలగలేదు.

"మంచిగనే రాసినవ్. గానీ మావోడు మాట్లాడడు తమ్మీ. గింత మాట్లాడితే దీపమెందుకు వానికి? ఇది మన మేనేజర్‌కి ఇయ్యి, పనికొస్తది."

నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వి కాగితాలు సంచీలో పెట్టుకున్నాను. అందులో రెండు పేరాలు తర్వాత నిజంగానే మేనేజరుగారి ఉపన్యాసంలోకి వెళ్లాయి. ఆ విషయం అతనికి చెప్పలేదు.

అయిదో సంచిక ఎండాకాలం మొదట్లో వచ్చింది. ఢిల్లీ నుంచి ఒక మంత్రి, సఫారీ సూటు వేసుకున్న ఒక వ్యాపారి గని చూడటానికి వస్తారు. వేదిక, దండలు, ఉపన్యాసాలు. బత్తీవాలా దీపం వేదిక మీద పడుతుంది. మంత్రి నీడ టేపు పట్టుకుని కార్మికుల భుజాలు కొలుస్తుంటుంది. యూనియన్ నాయకుడి నీడ వ్యాపారికి చాయ్ పోస్తుంటుంది. పదకొండో పేజీలో బత్తీవాలా, మూసేశామని అధికారులు చెప్పిన ఒక సొరంగాన్ని పటం మీద వెతుకుతాడు. ఆ పటం పూర్తిగా కల్పితం. గీసేటప్పుడు అన్న ఎంత జాగ్రత్తపడ్డాడంటే, మన చుట్టుపక్కల ఏ గనికీ అది సరిపోదు. కానీ పటం గీయటం అయ్యాక, పదేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తాను మూలకు పోయి ఉత్తర బాణం గీసేసింది. సగం నలుపు, సగం తెలుపు, తోక దగ్గర మూడు గీతలు.

నాకు కోపం వచ్చింది పదకొండో పేజీ చూసి కాదు, ఏడో పేజీ చూసి. అందులో మేనేజరు మైకు ముందు మాట్లాడుతుంటాడు. కామిక్‌లో మాటలన్నీ ఒక బుడగలో రాసి, దాని తోక మాట్లాడేవాడి నోటి వైపు గీస్తారు కదా. ఇక్కడ ఆ తోక మేనేజరు నోటి దగ్గర ఆగదు. ఆయన భుజం మీదుగా వంగి, వేదిక వెనక చీకట్లో కూర్చున్న ఒక గుమాస్తా కలం మొన దాకా పోతుంది. ఆ గుమాస్తాకు ముఖం ఉంది, కళ్లజోడు ఉంది. నోరు గీయలేదు. దీపం వెలుగు అతని మీద కూడా పడింది, కానీ అతనికి నీడే లేదు.

ఆ బొమ్మను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మర్నాడు భోజనాల దగ్గర ఇద్దరం మామిడికాయ పచ్చడి గురించి మాట్లాడుకున్నాం.

ఆ వారమే సమీక్ష రాశాను. చెడుగా రాస్తే దొరికిపోతానని తెలుసు, అందుకని మెచ్చుకున్నాను. గీతలో బలం ఉందన్నాను. నీడలతో రాజకీయం చెప్పటం మన దగ్గర కొత్త అన్నాను. మంత్రి పాత్ర మరీ మొరటుగా ఉందనీ, చివరి రెండు పేజీలు తొందరగా ముగించారనీ అన్నాను. ఇవన్నీ నిజాలే. ఏడో పేజీ గురించి ఒక్క ముక్క రాయలేదు. ముగింపులో ఇలా రాశాను: "పదకొండో పేజీలో పటం మీది ఉత్తర బాణాన్ని పాఠకులు గమనించాలి. సగం నలుపు తల, తోక దగ్గర మూడు గీతలు. ఇది బజారు చిత్రకారుడి చెయ్యి కాదు. ఏదో సర్వే ఆఫీసులో రోజూ ఇదే బాణం పుడుతూ ఉండాలి."

పత్రిక సంపాదకుడు మరాఠీ మనిషి, నెమ్మదస్తుడు. అచ్చుకు పోయే ముందు పిలిచి, జాగా చాలటం లేదు, ఈ బాణం సంగతి తీసేద్దామా అన్నాడు. అదొక్కటీ వద్దు, కావాలంటే గీత గురించి మెచ్చుకున్న రెండు వాక్యాలు తీసేయండి అన్నాను. ఆయన అవే తీసేశాడు.

ఇక్కడ ఆగి మీకు ఒక మాట చెప్పాలి. మీలో కొందరు ఫోన్లలో సినిమాల మీద, పుస్తకాల మీద రాస్తున్నారు. బాగానే రాస్తున్నారు. నేను చేసింది నోరు జారటం కాదు. మనిషి తన చేతిలో కలం ఉన్నప్పుడు తెలివిని చూపించుకుంటున్నానని ఇతరులకు, కొన్నిసార్లు తనకు కూడా చెప్పుకోగలడు. నేను అలా చెప్పుకున్నాను. ఆ రెండు వాక్యాలు తీయించిన క్షణంలో మాత్రం ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు.

పత్రిక గురువారం వచ్చేది. శుక్రవారం పొద్దున సర్వే అధికారి దాన్ని చేత్తో పట్టుకుని పటాల బీరువా తెరిపించి బాణాలు పోల్చి చూశాడట. శనివారం నా బల్ల మీదికి ఫైలు వచ్చింది. అనుమతి లేకుండా ప్రచురణ, అధికారులను అవమానించటం, కార్మికులను రెచ్చగొట్టటం. చార్జిషీటు టైపు చేయాల్సింది నేనే.

నాలుగో పేరాలో నా సమీక్షలోని వాక్యమే సాక్ష్యంగా ఉంది. పై అధికారి తన చేతిరాతలో దాన్ని ఎత్తి రాస్తూ ఒక మాట తప్పు రాశాడు. నేను దాన్ని దిద్ది టైపు చేశాను. ఇప్పటికీ నన్ను ఎక్కువగా కాల్చేది అదే. ఒకతని నోటి కాడి కూడు పోతుంటే నా వాక్యం సరిగ్గా ఉందా లేదా అని చూసుకున్నాను.

నోటీసు అందించటానికి నేను వెళ్లలేదు. ప్యూనుతో పంపాను. ఆ రోజు నుంచి అతను తన బల్ల దగ్గర ఒక్కడే తిన్నాడు. నాకు ఎదురుపడితే దారి ఇచ్చేవాడు. ఎదురుపడి తిడతాడని చూశాను. తిట్టలేదు.

యూనియన్ కదల్లేదు. నాయకుడి నీడ చాయ్ పోసిన సంగతి వాళ్లు మరిచిపోలేదు. విచారణలో ఉద్యోగి తన పక్కన సాయానికి ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. అతని పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

విచారణ మే నెలలో. అధికారి నాగపూర్ నుంచి వచ్చాడు. గదిలో కూలర్ పెద్దగా మోగుతుంటే మాటలు వినపడటం లేదని ఆపించాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం, అంత ఉక్క. అతను తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు.

ఆ రోజు అతని ఉద్యోగం నా నాలుక మీద ఉంది. ఇది అతిశయోక్తి కాదు. అచ్చు వేసినవాడు పేరు చెప్పలేదు. దుకాణంవాడికి తెలియదు. ఉన్నదల్లా ఒక బాణం. అలాంటి బాణం నేను ఇంకో చోట కూడా చూశాను అంటే చాలు. సర్వే ఆఫీసు అన్నది నా ఊహ, రాసేవాళ్లు అలా ఊహిస్తారు సాబ్ అంటే చాలు. ముందు రోజు ఇంట్లో ఆ వాక్యం హిందీలో తయారు చేసుకున్నాను కూడా.

అధికారి రెండే అడిగాడు. ఈ వాక్యం మీరే రాశారా? రాశాను అన్నాను. రాసేటప్పుడు ఆ గీసినవాడు ఎవరో మీకు తెలుసా? మేనేజరుగారు కిటికీ దగ్గర కూర్చుని నా వైపే చూస్తున్నారు. తెలుసంటే ఇన్నాళ్లు దాచినందుకు నాకూ ఒక కాగితం వస్తుంది. తెలియదు సాబ్ అన్నాను, కళ్లకు కనిపించింది రాశాను, ఆ బాణం మన పటాల్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు అన్నాను.

అడగని దానికి కూడా జవాబు చెప్పాను. తయారు చేసుకున్న వాక్యం అలాగే ఉండిపోయింది.

సాక్షిని ఏమైనా అడుగుతావా అని అధికారి అతన్ని అడిగాడు. అతను లేచి నిలబడ్డాడు. నన్ను అబద్ధాలకోరు అనవచ్చు. వీనికి మూడో సంచిక నాటి నుంచే తెలుసు అని చెప్పవచ్చు. చెబితే నేనూ మునిగేవాణ్ణి. తెలుగులో అడిగాడు.

"బాణం సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. కథ ఎట్లున్నది?"

అధికారికి అర్థం కాలేదు. హిందీలో అడగమన్నాడు. అతను ఇంకాసేపు నా వైపు చూసి, ఏమీ లేదు సాబ్ అని కూర్చున్నాడు. ప్రశ్నలు లేవు అని రాసుకున్నారు. కూలర్ మళ్లీ వేశారు.

నెల తిరగకుండా ఉద్యోగం తీసేశారు. ఆ ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను. అతను కంపెనీ క్వార్టరు ఖాళీ చేస్తుంటే నేను సెలవు పెట్టి భద్రావతిలో చుట్టాలింటికి పోయాను. తర్వాత అతను దుకాణాల బోర్డులు రాశాడని విన్నాను. నగరంలో ఒక మందుల షాపు మీద కొన్నాళ్లు అతని అక్షరాలు ఉండేవి. ఎత్తు, మందం కొలిచినట్టు ఉండేవి. తర్వాత కంప్యూటరులో ముద్రించిన ఫ్లెక్సులు వచ్చాయి, ఆ పనీ పోయింది. అత్తగారి ఊరికి, రాజురా అవతల పత్తి పొలాల్లోకి వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు. ఆరో సంచిక రాలేదు. నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టినప్పుడు నేనూ తీసుకున్నాను. ఆ పథకాన్ని మెచ్చుకుంటూ మేనేజరుగారు ఇచ్చిన ఉపన్యాసం కూడా నేను రాసిందే.

ఇది మీకు రాసిస్తానన్నాక, అతనికి చెప్పకుండా అచ్చు వేయటం మళ్లీ అదే పని అవుతుందని అనిపించింది. పోయిన నెల రాజురా బస్సు ఎక్కాను. అయిదో సంచిక ఒకటి నా దగ్గర ఉంది. అట్ట ఊడింది, మిగతాది బాగానే ఉంది. సంచీలో పెట్టుకున్నాను.

ఇంటి ముందు కూర్చుని చేనుకు మందు కొట్టే పంపు విప్పి నాజిల్ బాగు చేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. చూడగానే పోల్చుకున్నాడు. లేవలేదు.

"రండ్రి. కూసోండ్రి," అన్నాడు. తమ్మీ అనలేదు.

అతని భార్య చెంబుతో నీళ్లు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి లోపలికి పోయింది. సంచిక తీసి ఇచ్చాను. అతను చేతులు మసి గుడ్డతో తుడుచుకున్నాడు, చాలలేదు, లేచి సబ్బుతో కడుక్కుని వచ్చాడు. ఆరేదాకా ముట్టలేదు. ఒక్కో పేజీ తిప్పుతూ పదకొండో పేజీ దగ్గర ఆగాడు.

"ఆ గీత జరంత లావైంది," అన్నాడు, బాణం తోక మీద వేలు పెట్టి.

నేను చెప్పాల్సింది చెప్పాను. నువ్వే అని నాకు తెలుసు, తెలిసే రాశాను, ఏడో పేజీ చూసి కడుపు మండి రాశాను, విచారణలో అబద్ధం చెప్పాను అన్నాను. ఇదంతా ఇప్పుడు మన తెలుగోళ్ల సంచికలో వేస్తానంటే నీకు ఇష్టమేనా అని అడిగాను. అతను పుస్తకం మీంచి తల ఎత్తలేదు.

"గివన్నీ నాకెర్కనే గద. మీరు రాస్తే రాసుకోండ్రి. గీ ముచ్చట చెప్పనీకె గింత దూరమొచ్చిండ్రా?"

నిజమే, అందులో అతనికి కొత్త ఏమీ లేదు. అతను అడిగిందానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు. పుస్తకం అందుకుని ఏడో పేజీ తిప్పి అతని ముందు పెట్టాను.

"గా దినం నువ్వడిగినవ్ అన్నా, కథ ఎట్లున్నదని. మస్తున్నది. నేను రాయాల్సింది ఈ బొమ్మ గురించి. ఇంత మంచి బొమ్మ నేను మళ్ల ఎక్కడ చూడలె. ఈ నోరు లేనోడు నేనే. తప్పు చేసిన అన్నా. నీ అన్నంల మన్ను పోసిన. మాఫ్ చెయ్యమని అడుగుత లేను. గా దినం కూలర్ బంద్ జేసినప్పుడు చెప్పాల్సింది, ఇయ్యాల చెప్తున్న."